మూడు కొయ్యల కోడలు

1871 ఫిబ్రవరి 6

తమ్ముడికి,

నీ ఒంట్లో ఎలా ఉందో, మరదలి మోకాలు ఎలా ఉందో ముందు అది రాయి. మిగతావి తర్వాత. నా అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వుతావని తెలుసు. నేను బడికి వెళ్ళిందే రెండేళ్ళు. అందులో ఒక ఏడాదంతా నిన్ను చంకనేసుకునే వెళ్ళాను. కాబట్టి నవ్వేముందు ఆలోచించుకో.

మొన్న మా రేవులో కొత్త ఓడను నీళ్ళలోకి దించారు. సరుకులు మోసే ఓడ. తెరచాపలు కట్టడానికి మూడు నిలువు కొయ్యలు, ముక్కు దగ్గర బంగారు పూత పూసిన ఆడమనిషి బొమ్మ. దాని తెరచాపలన్నీ మా కొట్టులోనే కుట్టాం. ఆరుగురం ఆడవాళ్ళం, ఒక మేస్త్రి. మేస్త్రి కుట్టడు, చూస్తాడు. కుట్టడం కంటే చూడడమే కష్టమని ఆయన నమ్మకం. తెరచాప గుడ్డ అంటే నీ మగ్గాల మీద నేసే మెత్తటి గుడ్డ కాదు. అరచేతికి తోలు పట్టీ కట్టుకుని, మైనం రాసిన దారంతో దబ్బనాన్ని నెట్టాలి. సాయంత్రానికి ఆ చెయ్యి నాదో కాదో తెలియదు.

నా కొడుకు ఆ ఓడ మీదే ఖలాసీగా కుదిరాడు. ఇరవై దాటాయి, ఈ ఏడు సంబంధం చూస్తానని పట్టుబట్టాను. వాడు ఓడ వైపు చెయ్యి చూపించి, “చూసేశావుగా అమ్మా, బట్టలు కూడా నువ్వే కుట్టావు” అన్నాడు. నవ్వాలో తన్నాలో తెలియలేదు. సరే, నీ ఇష్టమే కానీ అన్నాను. అందుకని తమ్ముడూ, ఈ రోజు నుంచి ఆ ఓడే నా కోడలు. ఇక దాన్ని ఓడ అనను, కోడలనే అంటాను. నువ్వూ అలాగే అను.

ఈ కాగితం నిండిపోయింది. రెండోది తీశాను.

కోడలి అందం చెప్పాలి కదా. పొడగరి. నడుము సన్నం. మొహం బంగారంలా మెరుస్తుంది. కాస్త గాలి తగిలితే చాలు, ఒక పక్కకు ఒరిగి వయ్యారంగా నడుస్తుంది. చూడ్డానికి ఊరంతా వచ్చింది. మనవాడికైతే దాన్ని తప్ప వేరే ధ్యాస లేదు. దానితోనే లేస్తాడు, దానితోనే పడుకుంటాడు. తల్లి ఇంట్లో ఉందన్న సంగతి ఆకలేసినప్పుడు గుర్తొస్తుంది. ఖర్చు మనిషి అది. దాని బట్టలు కుట్టీ కుట్టీ నా వేళ్ళు పుళ్ళయ్యాయి. వచ్చే వారం మనవాణ్ణి తీసుకుని దూరదేశం వెళ్తోంది. అత్తగారితో ఒక మాట చెప్పి వెళ్ళే రకం కాదు. నీ చేత్తో నేసింది ఏదన్నా దానికి పంపు. మామ పంపాడని వాడు పొంగిపోతాడు.

ఇట్లు, కోడలొచ్చిన అక్క.

1871 ఏప్రిల్ 2

అక్కకు తమ్ముడు దండం పెట్టి రాయునది.

నీ ఉత్తరం చేరింది. సగం చేరింది అనాలి. టపా సంచీ వాగు దాటేటప్పుడు నీళ్ళలో పడిందట. మొదటి కాగితం మీద సిరా అంతా కరిగి ఒకటే మరక అయింది. రెండోది లోపలి మడతలో ఉండి బతికింది. ఫరవాలేదు, అసలు సంగతి అందులోనే ఉంది.

మేనల్లుడు ఇంటివాడయ్యాడన్నమాట. చాలా సంతోషం. పెళ్ళికి పిలవలేదు. పిలిచినా మగ్గాలు వదిలి రాగలిగేవాణ్ణి కాదనుకో. కానీ రాకపోవడం వేరు, పిలవకపోవడం వేరు. నీ మరదలికి రెండు రోజులు తిండి సయించలేదు. మనం అంత పరాయివాళ్ళమయ్యామా అంది. హడావుడిలో జరిగి ఉంటుందిలే అని సర్దిచెప్పాను.

కోడలికని ఎర్రటి సన్ననూలు గుడ్డ పంపుతున్నాను. పనివాళ్ళకు ఇవ్వకుండా నేనే మగ్గం మీద కూర్చున్నాను. దీన్ని ధరించి నలుగురిలో తిరగమని చెప్పు.

ఆశీస్సులు కోరే తమ్ముడు.

1872 మే 19

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేక చేతిలో దబ్బనం కింద పడేశాను. మేస్త్రి వచ్చి ఏమిటా నవ్వు అని అడిగాడు. పెళ్ళికి పిలవలేదని మా తమ్ముడు అలిగాడండీ అంటే ఆయనకు అర్థం కాలేదు. మన ఇంట్లో అందరికంటే ఆలస్యంగా నవ్వేవాడివి నువ్వే. నీకీ హాస్యం ఎప్పుడబ్బిందిరా? మొదటి కాగితం పోతే పోయింది, సంగతి అర్థమైంది కదా, అంతే చాలు.

కోడలు తిరిగొచ్చింది. దానితోపాటు బయల్దేరినవాళ్ళంతా ఇంకా దారిలోనే ఉన్నారు, ఇది ముందొచ్చి కూర్చుంది. రాగానే నీ ఎర్రగుడ్డ దాని నెత్తిన పెట్టించాను. అది ఎగరేసుకుంటూ మళ్ళీ బయల్దేరింది చూడు, అంత ఎరుపు ఎక్కడిదని అందరూ నన్నే అడిగారు. మా తమ్ముడు నేశాడని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

మనవాడు నల్లబడ్డాడు. నేల మీద నిలబడినా ఊగుతున్నాడు.

నీ అక్క.

1874 జనవరి 11

అక్కకు నమస్కారాలు.

ఎర్రగుడ్డ కోడలికి నచ్చినందుకు నీ మరదలు ఎంతో సంతోషించింది. పిలుపు సంగతి మర్చిపోయింది. అంటే మాట్లాడటం మానేసింది.

మేనమామను కాబట్టి అడుగుతున్నాను, తప్పుగా అనుకోకు. మూడేళ్ళవుతోంది. కోడలి కడుపు పండిందా? నీ మరదలు పాత నూలుబట్టలు పొత్తిగుడ్డలకని మడతపెట్టి ఉంచింది. ఎప్పుడు పంపమంటావు అని రోజూ అడుగుతోంది.

ఇక్కడ నూలు ఖరీదు పెరిగింది. మిగతా అంతా కుశలం.

తమ్ముడు.

1874 మార్చి 8

తమ్ముడికి,

మళ్ళీ మొదలుపెట్టావూ. ఉత్తరం ఈసారి కొట్టులో చదవలేదు, ఇంటికి తెచ్చుకుని తలుపేసుకుని చదివాను. అయినా పక్కింటివాళ్ళకు నా నవ్వు వినిపించింది.

కోడలి కడుపుకేంరా, ఎప్పుడూ నిండే ఉంటుంది. మొదట తేయాకుతో నింపారు. తర్వాత ఉన్ని. ఈ ఏడు బొగ్గు అంటున్నారు. బొగ్గుకు దిగిందంటే మంచిరోజులు అయిపోయినట్టేనని మేస్త్రి పెదవి విరిచాడు. మనవాడు మాత్రం ఏం ఫరవాలేదు, దాని ఒళ్ళు గట్టిది అంటున్నాడు. పెళ్ళాన్ని ఒక మాట అననివ్వని మొగుళ్ళను చూశాను కానీ ఇంత కాదు.

మరదలి పొత్తిగుడ్డలు ఉంచమను. ఈ కాలానికి అవసరం పడేలా లేవు.

అక్క.

1874 ఏప్రిల్ 27

అక్కకు,

నీ ఉత్తరం చదివి కంగారుపడ్డాను. కడుపుతో ఉన్నప్పుడు ఏవేవో తినాలనిపించడం సహజమే. నీ మరదలు రెండోసారి సుద్ద తినేది, గోడ దగ్గర కాపలా కాయాల్సి వచ్చింది. బొగ్గు తినేవాళ్ళ గురించీ విన్నాను. ఉన్ని సంగతి మాత్రం ఎక్కడా వినలేదు. దయచేసి ఎవరన్నా మంచి వైద్యుడికి చూపించు. నవ్వులాటగా తీసుకోకు.

పొత్తిగుడ్డలు అవసరం పడవన్న మాట నీ మరదలికి చదివి వినిపించలేదు. నాకు అర్థమైంది. ఇక ఈ విషయం ఎప్పుడూ ఎత్తను. కోడలి మనసు కష్టపెట్టకు.

నీ తమ్ముడు.

1879 సెప్టెంబరు 30

తమ్ముడికి దీవెనలు.

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టకు. నీ ఉన్ని ఉత్తరాన్ని కొట్టులో ఆడవాళ్ళందరికీ వినిపించాను, ఒకావిడ కంఠతా పట్టింది. నవ్వించేది అదొక్కటే మిగిలింది. రేవు నిండా పొగ ఓడలు వచ్చాయి. వాటికి తెరచాపలు అక్కర్లేదు. ఆరుగురంలో ఇద్దరమే ఉన్నాం. మేస్త్రి ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు, చూడ్డానికే ఏమీ లేదు.

కోడలి సంగతి ఏం చెప్పను. పాత యజమాని వదిలించుకున్నాడు. ఇప్పుడు ఒక పిసినారి చేతిలో పడింది. మంచి పని దానికెవరూ ఇవ్వరు. ఎవరూ ముట్టని మోతలన్నీ దానిచేత మోయిస్తున్నాడు. బొగ్గు, ఎముకలు, పక్షుల రెట్ట ఎరువు. మొహం మీది బంగారమంతా ఊడిపోయింది. ఒంటి మీద కొత్త బట్ట పడి ఎన్నేళ్ళయిందో. అతుకు మీద అతుకు వేసేది నేనే, నాకు తెలియదా. ఇప్పుడు లోపల నీరు చేరడం మొదలైంది. రోజూ తీస్తున్నారు, రోజూ చేరుతోంది. మనవాడు దాన్ని వదలడు. మనిషి సగమయ్యాడు. రాత్రుళ్ళు కూడా దాని మూలుగు వినిపిస్తుందంటాడు.

నాకు అది ఎప్పుడు పోతుందా అని ఉంది. వాడికంటే ముందు పోతే చాలు.

అక్క.

1879 నవంబరు 14

అక్కకు,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగుసార్లు కూర్చుని లేచాను. చిన్నవాణ్ణి, నిన్ను అనదగినవాణ్ణి కాదు. అయినా అంటాను.

ఒంటికి నీరు పట్టిన మనిషి చేత ఎరువు మోయిస్తారా? ఇంటికోడల్ని పరాయివాడి దగ్గర కూలికి పెట్టి, అది ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తున్నావా? నువ్వు చేసేదే కుట్టుపని. దానికి ఒక మంచి బట్ట కుట్టలేవా? గుడ్డ నేను పంపుతాను, ఎన్ని గజాలు కావాలో రాయి. నువ్వు ఇవాళ అత్తవు, కానీ ఒకప్పుడు నువ్వూ కోడలివే కదా.

వాడు దాన్ని వదలనందుకు మాత్రం మేనల్లుణ్ణి చూసి గర్వపడుతున్నాను.

తమ్ముడు.

1882 జూన్ 3

తమ్ముడికి,

నీ గుడ్డ ఎన్ని గజాలు కావాలో మేస్త్రినడిగి రాద్దామనుకున్నాను. లెక్క వేసి, మీ తమ్ముడి ఊరంతా కలిసి ఏడాది నేసినా చాలదన్నాడు. ఆ పోట్లాట ఉత్తరం నీ ఉత్తరాలన్నిటిలోకీ గొప్పది. సరే, ఇప్పుడు హాస్యాలు పక్కన పెట్టు. నీతో పని పడింది.

వాడు కోడల్ని వదిలేస్తానన్నాడు. నేను అడగలేదు. అడిగీ అడిగీ మానేశాను. మొన్న అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, “అమ్మా, ఇక దానితో నావల్ల కాదు. పాపం, దాని తప్పేం లేదు” అన్నాడు. నేను వెనక్కి తిరిగి గిన్నె తోముతున్నట్టు నటించాను. మొహం చూపిస్తే మాట మార్చేస్తాడని భయం.

వాడికి నీ దగ్గర మగ్గం మీద చోటిస్తావా? ముడి వేయడం, తాడు పేనడం, చిరిగింది కలపడం వాడికి వచ్చినట్టు ఎవరికీ రాదు. నేత కూడా తొందరగానే నేర్చుకుంటాడు. కోడలు నెలాఖరుకు బయల్దేరుతోంది. ఈసారి దానికి సున్నం ఎత్తుతున్నారు. అంతలోపు నువ్వు రమ్మంటే వాడు ఆగిపోతాడు. రమ్మను. ఇంతవరకు నిన్ను నాకని ఏమీ అడగలేదు.

నీ అక్క.

1882 జూన్ 15

అక్కకు,

గోడవారన ఒక మగ్గం ఖాళీగానే ఉంది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఎప్పటికైనా మేనల్లుడు వస్తాడేమోనని ఉంచాను. ఆ సంగతి నీ మరదలికి కూడా చెప్పలేదు.

అయినా ఇవ్వను.

దాని తప్పేం లేదని వాడే అంటాడు, వదిలేస్తానని వాడే అంటాడు. వయసులో ఉన్నప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. ఇప్పుడు అందం పోయింది, జబ్బు చేసింది, పిల్లా పాపా లేదు. అందుకని వదిలేస్తాడా? దానికి సున్నం పెట్టి తను సుఖంగా మగ్గం మీద కూర్చుంటాడా? అలాంటివాణ్ణి నా గడప తొక్కనివ్వను. నా ఇంట్లోనూ ఆడపిల్లలున్నారు.

దాన్ని కూడా తీసుకుని రమ్మను. వెనక వసారా ఊడ్పించి ఉంచుతాను. ఇద్దరికీ చోటుంది. ఒక్కడికి లేదు.

తమ్ముడు.

1882 జూలై 1

తమ్ముడికి,

జవాబు అందింది. వెనక వసారా ఊడ్పించే శ్రమ పెట్టుకోకు, అది అందులో పట్టదు. చోటు లేదని ఒక్క మాట రాస్తే సరిపోయేది. మా బతుకు మీద ఇంత హాస్యం అక్కర్లేదు.

వాడికి చదివి వినిపించాను. వాడు కోపగించుకోలేదు. నవ్వి, “మామ కుదరదని ఎంత అందంగా చెప్పాడే” అన్నాడు. ఇదొక్కసారి వెళ్ళొచ్చి వేరే పని చూసుకుంటానన్నాడు.

నిన్న దానితోనే వెళ్ళాడు.

1882 అక్టోబరు 20

తమ్ముడికి,

కోడలు ఇక రాదు. వాడు దాన్ని వదల్లేదు. దానితోనే పోయాడు.

నీ మాటే నెగ్గింది. ఇక రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

1882 నవంబరు 4

ప్రియమైన అక్కకు,

నీ రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. నా మనసు కుదుటపడింది.

వాడు సరైన పని చేశాడు. నువ్వు ఏడుస్తూ రాశావని తెలుస్తూనే ఉంది. కొడుకు పెళ్ళాంతో వెళ్ళిపోతే ఏ తల్లికైనా కష్టమే. కానీ ఆలోచించు. ఆ పిల్ల ఇన్నేళ్ళు నీ దగ్గర పడ్డ బాధ తక్కువదా? ఇక రానందంటే రాదు మరి. వేరే చోట వాళ్ళ బతుకు వాళ్ళు బతుకుతారు. మంచి గాలి తగిలితే దాని ఒంట్లో నీరు కూడా తీస్తుంది. కోపం తగ్గాక నువ్వే వెళ్ళి చూసొస్తావు.

వాళ్ళు ఎక్కడున్నారో నాకు రాయి. రెండు దుప్పట్లు నేసి నీకే పంపుతున్నాను, నీ చేత్తో అందజేయి. అత్తాకోడళ్ళు కలిసిపోవడానికి ఒక వంక దొరుకుతుంది.

నీ మేలు కోరే తమ్ముడు.

1882 డిసెంబరు 12

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి, ఈ జన్మలో మళ్ళీ నీకు రాయకూడదనుకున్నాను. కొడుకు పోయిన తల్లితో కూడా వెక్కిరింతలాడేవాణ్ణి నా చంకనేసుకుని మోశానా అనుకున్నాను.

తర్వాత దుప్పట్లు వచ్చాయి. విప్పి చూశాను. ఒకటి మామూలుది. రెండోదానికి అంచు పొడుగునా పూలు. ఒక్కో పువ్వుకు మూడు రంగుల నూలు మార్చావు. నేను కుట్టేదాన్ని, పనిలో ఎంత పొద్దు పోతుందో తెలుసు. హాస్యానికి ఎవరూ దుప్పటి అంచున పూలు నేయరు. అప్పుడు నీ ఉత్తరాలన్నీ తీసి, వెక్కిరింతలన్నిటినీ నిజమనుకుని మళ్ళీ చదివాను. ఒక్కో మాటా అతికినట్టు సరిపోయింది.

తమ్ముడూ, నా కొడుక్కి పెళ్ళి కాలేదు. కోడలంటే ఓడ. మూడు కొయ్యల తెరచాప ఓడ. వాగులో కరిగిపోయిన కాగితంలో రాశాను. కోడల్నీ అది అంటాం, ఓడనీ అది అంటాం. ఆ మాట మార్చనక్కర్లేకపోయింది, ఇన్నేళ్ళూ మనకు తెలియలేదు. ఉన్నీ, బొగ్గూ అది తినలేదు, మోసింది. దానిలో చేరింది సముద్రపు నీరు. వాడు పోయాడంటే వేరే ఊరికి కాదు. పోయాడనే.

ఎలాగో చెబుతాను. ఓడలోంచి బతికి వచ్చిన వంటవాడు మా గుమ్మంలో కూర్చుని చెప్పాడు. ఇంట్లోకి రమ్మన్నా రాలేదు.

ఓడ నిండా కాల్చిన సున్నం బస్తాలు. సున్నం మీద నీళ్ళు పడితే ఏమవుతుందో ఇంటికి వెల్లవేసేటప్పుడు నువ్వూ చూశావు, కుండలో కుతకుత ఉడుకుతుంది. ముసలి ఓడ, ముక్కు దగ్గర చెక్కల సందులోంచి నీరు దిగింది. బస్తాలు ఉడికాయి. బస్తాల కింద చెక్క రాజుకుంది. ఆర్పడానికి నీళ్ళు పోయకూడదు, పోస్తే ఇంకా మండుతుంది. చుట్టూ అంత సముద్రం ఉంది, ఒక్క చెంబు పోయడానికి లేదు. మూతలన్నీ బిగించి, గాలి తగలకుండా, ఏదన్నా ఓడ కనపడుతుందేమోనని చూస్తూ పోయారు. వాన లేదు, తుఫాను లేదు. సముద్రం పళ్ళెంలో పోసినట్టు ఉందట.

ఓడ కనపడింది కూడా. పెద్ద పొగ ఓడ. వీళ్ళు గుడ్డలు ఊపారు. కానీ మనదాని సందుల్లోంచి లేచే పొగ చూసి, ఇదీ ఒక పొగ ఓడే కాబోలు, కులాసాగా వెళ్తోందనుకున్నారు. వాళ్ళూ చేతులూపి వెళ్ళిపోయారు. పన్నెండేళ్ళు తెరచాపలతో తిరిగింది. ఎవరూ లెక్కచేయలేదు. చివరి రోజున పొగ ఓడ అనిపించుకుంది.

వాడు కిందికి దిగి, నీరొచ్చే సందులో పాత తెరచాప గుడ్డ కూరుతున్నాడట. రెండుసార్లు పైకి వచ్చి గాలి పీల్చుకుని మళ్ళీ దిగాడు. మూడోసారి దిగినవాడు రాలేదు. ఆవిరికి ఊపిరాడలేదని వంటవాడు అన్నాడు. మిగిలినవాళ్ళు చిన్న పడవలోకి దూకారు. వాళ్ళు చూస్తుండగా అది ముందు కాలింది, తర్వాత మునిగింది.

యజమాని కచేరీకి వెళ్ళాను. అక్కడ గుమాస్తా మంచివాడు, కుర్చీ వేశాడు. “ఏం చేస్తామమ్మా, ఈ ఒక్కసారి తిరిగొస్తే దాన్ని విరగ్గొట్టి కట్టెలకు అమ్మేద్దామనుకున్నాం” అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు.

పూల దుప్పటి ఏం చేయమంటావో రాయి.

అక్క.

1882 డిసెంబరు 29

అక్కా,

ఏమని మొదలుపెట్టాలో తెలియక అక్కా అని మాత్రం రాశాను.

లేని పిల్లకు అన్యాయం జరగకూడదని ఉన్న మేనల్లుణ్ణి గడప దగ్గరే ఆపేశాను. నాకు అనుమానమే రాలేదు. ఒక్కసారి, కోడలి పేరేమిటి అని అడిగి ఉంటే సరిపోయేది. కోడలి పేరడగడం మర్యాద కాదనుకున్నాను.

నీ మరదలికి చెప్పాను. వాడి కోసం చాలాసేపు ఏడ్చింది. తర్వాత కోడలి కోసం కూడా ఏడ్చింది. అది లేదు కదే అంటే, పన్నెండేళ్ళు ఉంది కదా అంది.

పనివాళ్ళు మగ్గాలు ఆడిస్తున్నారు, నేను చేయలేకపోతున్నాను. గోడవారనున్న మగ్గం వైపు చూడలేక దాని మీద గుడ్డ కప్పించాను. నన్ను తిడుతూ ఒక ఉత్తరం రాయి. నీ తిట్లన్నీ ఇన్నాళ్ళూ హాస్యమేనని ఇప్పుడు తెలిసింది. ఒక్కటి నిజంది రాయి.

వాణ్ణి రమ్మనాల్సింది. అంతే.

తమ్ముడు.

1883 జనవరి 17

తమ్ముడికి,

నువ్వడిగిన తిట్ల ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగు మాటలు రాసేసరికి నీ చిన్నప్పటి మొహం కనపడింది. చింపేశాను. కోపం లేదని చెప్పను. ఉంది. నీ మీద పెడదామంటే సగం నా మీదికి జారుతోంది, వాగు మీద పెడదామంటే అది ఎప్పుడో పారిపోయింది. అందుకని ఎక్కడా పెట్టకుండా చేత్తో పట్టుకుని తిరుగుతున్నాను.

ఒకటి మాత్రం చెబుతాను. ఒక్కసారి కూడా చూడని పిల్ల కోసం సొంత అక్కతో పోట్లాడావు, సొంత మేనల్లుణ్ణి కాదన్నావు. నాకు నిజంగా కోడలుంటే దానికి నీలాంటి దిక్కు దొరికేది. నువ్వు చెడ్డవాడివైతే నాకు ఎంత తేలికగా ఉండేదో.

ఇక్కడ తెరచాపల కొట్టు ఎత్తేశారు. పొగ ఓడల్లో బొగ్గు మోసే సంచులు కుట్టే పని ఉందని మేస్త్రి కబురు పెట్టాడు, ఈసారి ఆయన కూడా కుడతాడట. నేను రానన్నాను. పొద్దున లేస్తే కిటికీలోంచి రేవు కనపడుతుంది. పొగ కనపడితే చాలు, లేచి నిలబడుతున్నాను. ఏ పొగ ఏమిటో తెలియక చూస్తూ ఉంటున్నాను. ఇలా ఉండలేను.

ఆ మగ్గం మీది గుడ్డ తీసెయ్యి. ఎవరికీ ఇవ్వకు. నేను వస్తాను. వాడైతే తొందరగా నేర్చుకునేవాడు, నాకు చాలా రోజులు పడుతుంది. వేళ్ళు దబ్బనానికి అలవాటుపడి వంకరపోయాయి, నూలు తెగుతుంది. పనివాళ్ళ ముందు కసరకు. పూల దుప్పటి నేనే కప్పుకుంటాను, మరదల్ని ఏమీ అనుకోవద్దను.

వచ్చే నెల మొదటి బండికి బయల్దేరుతున్నాను. బండి ఆగేచోటికి నువ్వే రా, ఎవరినీ పంపకు. నన్ను చూసి, ఇలా అయ్యావేమిటక్కా అనకు. సామాను ఏమీ లేదు. ఒక్కదాన్నే వస్తున్నాను. ఈసారి ఎవరినీ వదిలేసి రావడం లేదు తమ్ముడూ, గడప తొక్కనివ్వు.

అక్క.